గోమార్లకు వీసా అక్కర్లేదు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోల. కుక్కతో సహా విదేశానికి వెళ్తున్నాం, ఏం చేయాలి? ఎండాకాలం వస్తే నాకిది మామూలే. పిల్లల పరీక్షలు అయిపోయి, ఇల్లు ఖాళీ చేసే హడావుడిలో అట్టపెట్టెల మధ్య పడుకున్న కుక్క కాలికి తగిలితే గానీ దాని సంగతి గుర్తుకు రాదు చాలామందికి. అందుకే దురదలు, బొచ్చు రాలడం, పిల్లి అన్నం ముట్టకపోవడం లాంటివన్నీ పక్కన పెట్టి, ఈ నెల పేజీ మొత్తం ప్రయాణాల వాళ్లకే ఇచ్చేస్తున్నాను. మిగతావాళ్లు ఏమీ అనుకోవద్దు, వచ్చే నెల మీదే.

ప్రశ్న: డాక్టర్ గారూ, మావారికి అమెరికాలో డల్లాస్‌కి బదిలీ అయింది. జూన్ మొదటి వారంలో ప్రయాణం, టికెట్లు కూడా కొనేశాం. మా లాబ్రడార్ లడ్డూకి నాలుగేళ్లు. ఫిబ్రవరిలో రేబిస్ టీకా వేయించాం, పుస్తకం ఉంది. చర్మం కింద నంబరున్న చిన్న చిప్ కూడా పెట్టించాలని ఇప్పుడు ఎవరో అంటున్నారు. ఏజెంటుని అడిగితే "అన్నీ నేను చూసుకుంటానండీ" అన్నాడు. ఇంకేమైనా కావాలా?
- ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: అమ్మా, చేదు మాట ముందే చెప్పేస్తాను. మీ ఫిబ్రవరి టీకా లడ్డూని కాపాడుతుంది గానీ అమెరికా వాళ్ల లెక్కలోకి రాదు. ఎందుకంటే చిప్ ముందు, టీకా తర్వాత. ఈ వరస తప్పితే ఎంత మంచి కంపెనీ టీకా వేయించినా కాగితం మీద వేయించనట్టే. వాళ్ల తర్కం కూడా సబబుగానే ఉంటుంది. చిప్ లేనప్పుడు వేసిన టీకా ఈ కుక్కకే వేశారని సాక్ష్యం ఏముంది? పుస్తకంలో "లాబ్రడార్, మగ, పసుపు రంగు" అని రాస్తే అలాంటివి ఒక్క పటమటలోనే ఎన్ని దొరుకుతాయో మీకు తెలియనిది కాదు.

కుక్కల రేబిస్ ఎక్కువగా ఉన్న దేశాల జాబితా ఒకటి అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ దగ్గర ఉంది, అందులో మనం ఉన్నాం. 2024 ఆగస్టు 1 నుంచి నియమాలు బాగా బిగించారు. కుక్కకి కనీసం ఆరు నెలలు నిండాలి. చిప్ ఉండాలి. చిప్ పెట్టాక రేబిస్ టీకా పడాలి. ఆ టీకాకి కనీసం 30 రోజుల తర్వాత రక్తం తీసి, సీడీసీ ఒప్పుకున్న ల్యాబుకే పంపి, టైటర్ టెస్ట్ చేయించాలి. అంటే టీకా ఒంటికి పట్టిందా లేదా అని కొలవడం, 0.5 యూనిట్లు గానీ అంతకు పైన గానీ రావాలి. రక్తం తీసిన రోజు నుంచి ఇంకో 28 రోజులు ఆగాలి. ఇప్పుడు లెక్క వేసుకోండి. ఏప్రిల్ 15న చిప్, టీకా రెండూ అయ్యాయనుకుందాం. మే 15న రక్తం. జూన్ 12 కంటే ముందు లడ్డూ అక్కడ దిగడానికి లేదు, అదీ ల్యాబ్ రిపోర్టు టైముకి చేతికొస్తే. టైటర్ లేకుండా వెళ్తే ఏమవుతుంది అంటారా, అక్కడ వాళ్లు గుర్తించిన కేంద్రంలో 28 రోజులు క్వారంటైన్, ఖర్చు మీదే, డాలర్లలో.

ఇంకో చిక్కు మీ టికెట్‌లోనే ఉంది. మనలాంటి దేశాల్లో టీకా వేయించుకున్న కుక్కలు ఎక్కడ పడితే అక్కడ దిగడానికి లేదు. ఆ కేంద్రాలు ఉన్న ఎయిర్‌పోర్టుల్లోనే దిగాలి. నియమం వచ్చినప్పుడు అవి ఆరు: న్యూయార్క్ జేఎఫ్‌కే, వాషింగ్టన్ డల్లెస్, అట్లాంటా, మయామీ, ఫిలడెల్ఫియా, లాస్ ఏంజెలెస్. డల్లెస్ ఉంది కదా అని సంబరపడకండి, అది వాషింగ్టన్ పక్కది, మీ డల్లాస్ వేరు. టైటర్ రిపోర్టు ఉన్నా సరే, ఆ కేంద్రంలో ముందే బుకింగ్ ఉండాలి, అక్కడ పరీక్ష చేసి మళ్లీ ఒక రేబిస్ టీకా వేస్తారు. లడ్డూకి టికెట్ కొనేముందు ఆ రోజుకి ఏ కేంద్రాలు పనిచేస్తున్నాయో సీడీసీ సైట్‌లో మీరే చూసుకోండి. ఏజెంటు చూసుకుంటానన్నాడు, నిజమే, చూసుకునేవాళ్లు ఉన్నారు, కానీ "మొదట చిప్పా, టీకానా" అని ఒక్క ప్రశ్న అడగండి. రెండూ ఒకటేనండీ అన్నాడంటే డబ్బు ఇవ్వకండి.

నా తప్పు కూడా ఒకటి చెప్పాలి. చిప్ నంబరుకి 15 అంకెలు ఉంటాయి. కొన్నేళ్ల కిందట ఒక బీగిల్ సర్టిఫికెట్‌లో నేను చేత్తో రాస్తూ 8 బదులు 3 వేశాను. శంషాబాద్‌లో యానిమల్ క్వారంటైన్ ఆఫీసులో స్కానర్ పెట్టినప్పుడు గానీ బయటపడలేదు. పాపం ఆ కుటుంబం రాత్రికి రాత్రి కారులో బెజవాడ వచ్చి, తెల్లారేసరికి మా గేటు ముందు కూర్చుంది. ఒక్క మాట అనలేదు వాళ్లు, అనుంటేనే బాగుండేది. అప్పటి నుంచి చిప్‌తో వచ్చే స్టిక్కరే అంటిస్తాను, స్కానర్ తెర మీది నంబరుని ఇంటివాళ్ల చేతే పైకి చదివిస్తాను. మీరూ అడిగి చదివించుకోండి, మొహమాటపడకండి. టీకా సీసా మీది స్టిక్కర్‌లో బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ ఉంటాయి, అదీ పుస్తకంలో ఉండాలి.

టీకా ఎక్కడ వేయించినా, ఫ్రిజ్‌లోంచి తీసి వేస్తున్నారో లేదో కంటితో చూడండి. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాల్సిన మందు అది. మన మే నెల ఎండలో స్కూటర్ డిక్కీలో అరగంట తిరిగిన సీసాతో టీకా వేయించుకుని, టైటర్ రాలేదని లబోదిబోమన్నవాళ్లు ఉన్నారు. మీ దగ్గర్లో అనుమానం లేని చోటు కావాలంటే గన్నవరం ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉండనే ఉంది. విమానం ఎక్కేముందు చివరి ముద్ర మాత్రం కేంద్ర ప్రభుత్వ యానిమల్ క్వారంటైన్ ఆఫీసుది, మనకు హైదరాబాదో చెన్నైయో.

పిల్లల స్కూలు అక్కడ ఎటూ ఆగస్టులోనే. మీరు ముందు వెళ్లి ఇల్లు చూసుకోండి, లడ్డూని జులై చివర్లో తీసుకెళ్లండి. తొందరపడి వరస తప్పారంటే మళ్లీ మొదటి నుంచి రావాలి.

ప్రశ్న: నమస్తే సార్. మేం జర్మనీ వెళ్లబోతున్నాం, ఇంకా ఆరు నెలలు ఉంది. మా రాణి వీధిలో దొరికిన నాటు కుక్క, ఇప్పుడు రెండేళ్లు. దానికి గోమార్లు విపరీతం. ఎన్ని తీసినా మళ్లీ వస్తున్నాయి. మామగారు పొగాకు నానబెట్టిన నీళ్లు పూయమంటున్నారు. మా పాలేరు మిరపలో నల్లికి కొట్టే మందు రెండు చుక్కలు చాలంటున్నాడు. ఇంట్లో చిన్న పాప ఉంది, భయంగా ఉంది. అక్కడి చలికి ఎలాగూ చస్తాయి కదా?
- ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: పాలేరు మాట అసలు వినొద్దు తల్లీ, మొదట ఆ సీసా ఇంట్లోంచి పంపించేయండి. ఆ లెక్క ఎలా పుట్టిందో నాకు తెలుసు. నల్లికీ ఎనిమిది కాళ్లు, గోమారుకీ ఎనిమిది కాళ్లు, రెండూ దగ్గరి చుట్టాలే, కాబట్టి దానికి కొట్టేది దీనికీ పనిచేస్తుందని. పనిచేస్తుంది కూడా, కాకపోతే గోమారుతో పాటు కుక్క కూడా పోతుంది. చేలో కొట్టే మందు పూయించుకున్న కుక్కలు నా బల్ల మీదకి ఏటా వస్తూనే ఉంటాయి. నోట్లోంచి సొంగ తాడులా కారుతూ, కండరాలు ఎగిరెగిరి పడుతూ, కంటిపాప గుండుసూది మొనంత అయిపోయి. వెంటనే తెస్తే అట్రోపిన్ ఇచ్చి కొన్నిటిని బతికించుకుంటాం. "రెండు చుక్కలేనండీ" అనే మాట ప్రతివాళ్లూ చెప్పేదే.

మామగారు చెప్పింది వట్టి మూఢనమ్మకం ఏమీ కాదు. పొగాకులోని నికోటిన్‌కి పురుగులు చస్తాయి, వెనకటికి గొడ్లకి ఆ కషాయమే పూసేవాళ్లు. పొగాకు బోర్డు ఆఫీసున్న ఊళ్లో ఈ వైద్యం ఇంకా బతికుండడంలో వింతేముంది. కానీ కుక్క ఒళ్లంతా నాక్కుంటుంది, నికోటిన్ దానికీ విషమే, మీ పాపకీ విషమే. మామగారికి నా నమస్కారం చెప్పి వద్దనండి. కిరోసిన్, అగ్గిపుల్ల, ఉప్పు, ఇవీ అంతే.

ఇప్పుడు అసలు సంగతి. ఎన్ని తీసినా ఎందుకొస్తున్నాయంటే, కుక్క మీద కనిపించేవి ఇంట్లో ఉన్నవాటిలో పిసరంత. రాణి చెవి వెనక్కి మడిచి, వెలుతురులో చూడండి. ఆముదపు గింజలా బూడిద రంగులో ఉబ్బి వేలాడేది ఆడది, దాని పక్కనే గోధుమ రంగులో చదునుగా నువ్వుగింజంత ఉండేది మగది. వేళ్ల సందుల్లో కూడా చూడండి, అక్కడ ఇంకా చిన్నవి, కళ్లజోడు పెట్టుకుంటే గానీ కనిపించనివి ఉంటాయి. ఆ ఆడది రక్తం తాగి వారం రోజులకి రాలిపోతుంది, రాలి ఊరుకోదు, గోడ పట్టుకుని పైకి పాకుతుంది. పగులు దొరికితే అందులో దూరి వేలల్లో గుడ్లు పెట్టి చస్తుంది. జనం నేల కడుగుతారు, ఫినాయిల్ పోస్తారు, అవేమో పైన ఉంటాయి. మా ఇంట్లోనే ఒకసారి పడక గది ద్వారబంధానికీ గోడకీ మధ్య సున్నం ఊడిన సందులో టార్చి వేసి చూశాను, సగ్గుబియ్యం చిన్న సైజులో గోధుమ రంగు గుడ్లు జిగురుగా కుప్ప పోసి ఉన్నాయి. ఆ గదికి నెలకి రెండుసార్లు మందు కొట్టించేవాణ్ణి, కింద.

అందుకని కుక్కకీ ఇంటికీ ఒకేసారి చేయాలి. కుక్కకి ఇప్పుడు మంచి మాత్రలున్నాయి, అఫోక్సోలానర్ అయితే నెలకి ఒకటి, ఫ్లూరలానర్ అయితే 12 వారాలకి ఒకటి. బరువుని బట్టి డాక్టరు ఇవ్వాలి, ఫిట్స్ వచ్చే కుక్క అయితే ఆ సంగతి ముందే చెప్పాలి. మాత్ర వేశాక గోమారు కుట్టి రక్తం తాగితేనే చస్తుంది, కాబట్టి మర్నాడు ఒకటీ అరా కనిపిస్తే పనిచేయలేదని గాభరాపడకండి. ఇంటికి పగుళ్లన్నీ సిమెంటుతో పూడ్పించి, పెస్ట్ కంట్రోల్ వాళ్ల చేత గోడల పైభాగం, కిటికీ చట్రాలు, మంచం కోళ్లతో సహా కొట్టించండి, ఆ పూట పాపనీ రాణినీ బయట ఉంచి. ఒక్కసారితో పోవు, గుడ్లు పిల్లలవుతూనే ఉంటాయి, రెండు మూడు నెలలు పట్టుదలగా చేయాలి. చేత్తో తీయాల్సి వస్తే ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని తిన్నగా లాగండి, సబ్బు నీళ్లలో వేయండి. గోళ్ల మధ్య నలపడం చాలామందికి సరదా, ఆ రక్తంలో ఏముందో మనకేం తెలుసు.

చలికి చస్తాయి అనుకుంటున్నారు కదా, బయట అయితే చస్తాయి. ఈ గోధుమ రంగు గోమారు మాత్రం పూర్తిగా ఇంట్లో బతకగలదు, అక్కడ ఇళ్లు హీటర్లతో వెచ్చగా ఉంటాయి. కడుపుతో ఉన్న ఆడది ఒక్కటి రాణి చెవిలో కూర్చుని వెళ్తే చాలు, మీ ఫ్లాట్‌తో పాటు పక్క ఫ్లాట్ కూడా. అక్కడి చట్టానికి కావాల్సిన కాగితాలు మీరెలాగూ తీసుకుంటారు. చిప్, ఆ తర్వాత టీకా, 30 రోజులకి రక్తం, ఆ రక్తం తీసిన రోజు నుంచి యూరప్ వాళ్లకి మూడు నెలల ఆగుడు. అంటే ఈ వారం మొదలుపెడితే ఆరు నెలల్లో హాయిగా అయిపోతుంది. ఒక్కటి గుర్తుంచుకోండి, మధ్యలో రేబిస్ బూస్టర్ గడువు ఒక్క రోజు దాటినా టైటర్ మళ్లీ చేయించాలి.

గోమార్లు పోయాయి కదా అని అక్కడితో ఆపొద్దు. ఇన్నాళ్లు కుట్టించుకున్న కుక్క కాబట్టి రక్త పరీక్ష తప్పనిసరిగా చేయించండి. ఎందుకో కింది ఉత్తరం చదివితే తెలుస్తుంది.

ప్రశ్న: సార్, మాది మంగళగిరి, గుంటూరులో ఉద్యోగం చేసేవాణ్ణి, ఇప్పుడు అమెరికా నార్త్ కరోలినాలో ఉంటున్నాం. మా జర్మన్ షెపర్డ్ బ్రూనో వచ్చి ఎనిమిది నెలలైంది. ఇక్కడ ఒక్క గోమారు కూడా కనిపించలేదు. పోయిన వారం ముక్కులోంచి రక్తం కారింది. ప్లేట్‌లెట్లు 40 వేలకి పడిపోయాయని, ఒంట్లో రోగనిరోధక శక్తే తిరగబడి ఉంటుందని, స్టెరాయిడ్లు మొదలుపెడదామని డాక్టర్ అంటున్నారు. టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకుడు

జవాబు: బాబూ, ఇంత దూరం నుంచి నేను వైద్యం చేయలేను, చేయకూడదు కూడా. మీ డాక్టరుకి మీరు చెప్పాల్సిన మాటలు మాత్రం చెబుతాను, ఈ రోజే చెప్పండి. "ఈ కుక్క దక్షిణ భారతదేశం నుంచి వచ్చింది, అక్కడ గోమార్లు బాగా కుట్టేవి" అనండి. చాలామంది ఇంత చిన్న మాట చెప్పరు. టీకాల పుస్తకం ఇస్తారు, పుట్టిన తేదీ చెబుతారు, ఊరి పేరు చెప్పడం మరిచిపోతారు.

మనం టిక్ ఫీవర్ అని ఒకే పేరుతో పిలిచేవి నిజానికి రెండు మూడు జబ్బులు. మొదటిది ఎర్లీషియా. గోమారు కుట్టిన రెండు మూడు వారాల్లో జ్వరం వచ్చి, కుక్క రెండు రోజులు ముద్ద ముట్టక, మళ్లీ తనంతట తనే లేచి తిరగొచ్చు. ఎండదెబ్బ అనుకుని మజ్జిగ పట్టి ఊరుకుంటాం. క్రిమి మాత్రం లోపలే ఉండిపోతుంది, నెలలు, ఒక్కోసారి ఏళ్లు. పైకి ఏమీ తెలియదు, ప్లేట్‌లెట్లు మెల్లగా తగ్గుతుంటాయి. ఆరోగ్యంగా ఉన్న కుక్కలో రెండు లక్షలకి అటూ ఇటూ మొదలై పైకి ఉండాలి అవి. మీ బ్రూనోకి ముక్కు రక్తం, 40 వేలు, ఇండియా, ఈ మూడూ కలిపితే నేనైతే ముందు దీన్నే వెతుకుతాను. జర్మన్ షెపర్డ్‌లకి ఈ జబ్బు మిగతా జాతుల కంటే గట్టిగా తగులుతుంది కూడా.

అక్కడ క్లినిక్కుల్లో గుండె పురుగు, గోమార్లతో వచ్చే లైమ్, ఎర్లీషియా, అనాప్లాస్మా నాలుగిటికీ కలిపి చేసే చిన్న కిట్ ఉంటుంది, పది నిమిషాల్లో తేలిపోతుంది. అందులో బబీసియా ఉండదు. అది ఎర్ర రక్తకణాల్లో దూరి పగలగొట్టే జబ్బు, మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో రావచ్చు, మన దగ్గర బాగా ఉంది. దానికి పీసీఆర్ పరీక్ష విడిగా అడగండి. స్టెరాయిడ్లు వద్దని నేను అనను, అది వాళ్ల నిర్ణయం, కానీ లోపల క్రిమి ఉండగా అవి ఒంటరిగా మొదలుపెడితే దానికి తలుపు తీసినట్టే. ఎర్లీషియా అని తేలితే డాక్సీసైక్లిన్ 28 రోజులు. నాలుగో రోజుకే కుక్క గంతులేస్తుంది, అప్పుడు ఆపొద్దు. పెరుగన్నంలో కలిపి పెట్టొద్దు, పాలపదార్థాలతో మందు సరిగ్గా పట్టదు. మామూలు అన్నం పెట్టి, మాత్ర వేసి, తర్వాత నీళ్లు తాగేలా చూడండి, గొంతులో ఇరుక్కుంటే పుండు పడుతుంది.

బ్రూనో తేరుకున్నాక అక్కడి జబ్బుల సంగతి చూడండి. దోమకాటుతో వచ్చే గుండె పురుగు మీ ప్రాంతంలో ఎక్కువ. దోమ కుట్టాక పెరిగి పెద్ద పురుగవడానికి ఆరు నెలల పైనే పడుతుంది, అందుకే దిగగానే చేసిన పరీక్షలో లేదన్నా, ఆరు నెలలకి మళ్లీ చేయిస్తారు. నెలనెలా వేసే మాత్ర ఏడాది పొడుగునా మానకూడదు. ఊరి నుంచి ఎవరో వస్తున్నారు కదా అని పురుగుల మందు ఐవర్‌మెక్టిన్ ఇక్కణ్ణుంచి తెప్పించుకుని అంచనాగా వేయకండి, కోలీ లాంటి జాతుల్లో అది మెదడుకి ఎక్కుతుంది. గోమారు కనిపించలేదన్నారు, అక్కడివి గడ్డిలోంచీ పొదల్లోంచీ ఎక్కుతాయి, షికారు నుంచి రాగానే చెవులు, చంకలు తడిమి చూడండి.

ప్రశ్న: మా అబ్బాయి సిడ్నీలో ఉంటాడు. మేం కూడా వెళ్లిపోతున్నాం. మా పొమరేనియన్‌ని తీసుకెళ్లడానికి ఎంత ఖర్చవుతుంది?
- ఒక తండ్రి, మొగల్రాజపురం, విజయవాడ

జవాబు: ఖర్చు తర్వాత సంగతండీ, ఇక్కణ్ణుంచి నేరుగా వెళ్లడానికే లేదు. కుక్కల్ని నేరుగా పంపడానికి ఆస్ట్రేలియా ఒప్పుకున్న దేశాల జాబితాలో మనం లేం. ఆ జాబితాలో ఉన్న దేశంలో కుక్క కనీసం 180 రోజులు ఉండి, టీకా, టైటర్, ఎర్లీషియా, లీష్మేనియా, బ్రూసెల్లా లాంటి పరీక్షలన్నీ అయ్యాక అక్కడి నుంచి వెళ్లాలి. వెళ్లాక మెల్‌బోర్న్ దగ్గర మికల్‌హామ్ క్వారంటైన్ కేంద్రంలో కనీసం పది రోజులు. ఎందుకంత పట్టుదల అంటే, వాళ్లకి రేబిస్ లేదు, ఎర్లీషియా కూడా లేదనుకునేవాళ్లు, 2020లో మొదటిసారి వాళ్ల కుక్కల్లో బయటపడి ఉత్తర ప్రాంతాలకి పాకింది. మీ పొమరేనియన్ వయసు రాయలేదు మీరు. పదేళ్లు దాటి ఉంటే మటుకు, ఆరు నెలలు పరాయి దేశంలో పరాయి మనుషుల దగ్గర పెట్టే బదులు, దానికి అలవాటైన మీ బంధువుల ఇల్లు ఏదైనా ఉందేమో చూడమంటాను. చెప్పడానికి నాకూ బాగాలేదు.

ప్రశ్న: 2024 సెప్టెంబరులో బుడమేరు వరదలో మా ఇల్లు నాలుగు రోజులు నీళ్లలో ఉంది. మా కుక్క కూడా ఆ నీళ్లలోనే తిరిగింది. ఇప్పుడు కెనడా తీసుకెళ్తున్నాం. అప్పటి రోగాలు ఏమైనా లోపల ఉంటాయా?
- ఒక పాఠకుడు, సింగ్‌నగర్, విజయవాడ

జవాబు: మంచి అనుమానమే. వరద నీళ్లలో భయపడాల్సింది లెప్టోస్పైరోసిస్‌కి. ఎలుకల మూత్రంలోంచి నీళ్లలోకి వస్తుంది, గీరుకున్న చర్మం నుంచీ నోటి నుంచీ లోపలికి పోతుంది. కాలేయం, మూత్రపిండాలు దెబ్బతింటాయి, మనుషులకీ అంటుతుంది. జబ్బు చేసి ఉంటే అప్పుడే తెలిసేది, కామెర్లు, వాంతులు, నీళ్లు అతిగా తాగడం. కానీ కొన్ని కుక్కలు పైకి బాగానే ఉంటూ నెలల తరబడి మూత్రంలో క్రిమిని వదులుతుంటాయి. ఇన్నాళ్లకి అది ఉండే అవకాశం తక్కువే, అయినా ఒకసారి మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్, మూత్ర పరీక్ష చేయించండి, వంద డాలర్లు పెట్టి అక్కడ చేయించే బదులు. లెప్టో టీకా రెండు నుంచి నాలుగు వారాల తేడాతో రెండు డోసులు, తర్వాత ఏడాదికి ఒకటి. మీ పుస్తకంలో ఒక్కటే డోసు ఉంటే అది లెక్కలోకి రాదు, మళ్లీ మొదలుపెట్టాలి. ఊళ్లోనే ఉండిపోయేవాళ్లకి కూడా ఇది చెబుతున్నాను, మన కాలవల ఊరికి ఈ టీకా ఐచ్ఛికం కాదు.

ప్రశ్న: లండన్‌కి బద్దెపురుగుల మాత్ర వేయించాలట. మేం మూడు నెలలకోసారి ఇంట్లోనే వేస్తున్నాం, అది చాలదా?
- ఒక పాఠకురాలు, లక్ష్మీపురం, గుంటూరు

జవాబు: చాలదమ్మా. మీరు వేసేది కుక్క ఆరోగ్యానికి, వాళ్లడిగేది వాళ్ల దేశం కోసం. నక్కల్లో, కుక్కల్లో ఉండే ఒక బద్దెపురుగు మనుషుల కాలేయంలో గడ్డలు కట్టిస్తుంది, బ్రిటన్‌లో అది లేదు, రానివ్వకూడదని పట్టు. అందుకని ప్రాజిక్వాంటెల్ ఉన్న మందు డాక్టరే వేసి, తేదీతో పాటు గంట కూడా రాసి సంతకం చేయాలి. కుక్క అక్కడ దిగే సమయానికి 24 గంటల కంటే తక్కువ కాకూడదు, 120 గంటలు దాటకూడదు. ఎక్కే సమయం కాదు, దిగే సమయం, అదీ వాళ్ల గడియారంలో. చివరి రోజు దాకా ఆగొద్దు, మొదటి రోజే వేయించొద్దు. రెండు మూడు రోజుల ముందు వేయిస్తే విమానం ఒక పూట ఆలస్యమైనా ఇబ్బంది ఉండదు. ఇంకో మాట, బ్రిటన్‌కి విమానంలో కుక్క మీ పక్క సీట్లో రాదు, కార్గోలోనే రావాలి. మీ కుక్క పడుకున్నచోట తోక కింద గానీ దుప్పటి మీద గానీ ఎండిన బియ్యపు నూకల్లాంటివి కనిపిస్తే అవి వేరే రకం బద్దెపురుగు ముక్కలు, బొచ్చులో గెంతే చిన్న ఫ్లీ పురుగుల వల్ల వస్తాయి. మాత్ర వేసినా ఆ ఫ్లీలు పోకపోతే మళ్లీ వస్తాయి.

ప్రశ్న: మా పగ్‌కి విమానంలో అరవకుండా నిద్రమాత్ర ఇవ్వొచ్చా?
- ఒక పాఠకుడు, గుణదల, విజయవాడ

జవాబు: వద్దు. మత్తులో ఉన్న కుక్కని చాలా ఎయిర్‌లైన్లు ఎక్కించుకోవు, ఆపైన ముక్కు చప్పిడి జాతులకి మామూలుగానే ఊపిరి కష్టం. అసలు పగ్‌ని ఒప్పుకుంటారో లేదో ముందు కనుక్కోండి, చాలామంది ఒప్పుకోరు. ఇప్పటి నుంచే పెట్టెలో అన్నం పెట్టడం, అందులోనే పడుకోబెట్టడం అలవాటు చేయండి. నెల రోజులకి తనే వెళ్లి పడుకుంటుంది. మన ఎండల్లో పగటి పూట ఫ్లైట్ పెట్టుకోకండి.

ప్రశ్న: మా బుజ్జి అమ్మ చీర మీదే పడుకుంటుంది, అది లేకపోతే రాత్రంతా మూలుగుతుంది. అమ్మ ఇక్కడే ఉండిపోతోంది. ఆ పాత చీర పెట్టెలో వేయొచ్చా? క్వారంటైన్ వాళ్లు ఒప్పుకుంటారా?
- ఒక పాఠకురాలు, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: పెట్టెలో గడ్డి వేయకూడదు గానీ గుడ్డకి అభ్యంతరం ఉండదు. దిగినచోట కొన్నిసార్లు తీసుకుని పారేస్తారు, అందుకని చీరని రెండు ముక్కలు చేసి, ఒకటి మీ సూట్‌కేసులో పెట్టుకోండి. ముందు మాత్రం మసిలే నీళ్లలో నానబెట్టి ఉతికి, మేడ మీద మంచి ఎండలో రెండు రోజులు ఆరేయండి, అంచు మడతల్లో గోమారు పిల్లలు దాక్కుంటాయి. వాసన పోతుందని బెంగపడకండి. ప్రయాణానికి ముందు రెండు రాత్రులు మీ అమ్మగారిని ఆ ముక్కల మీద తల పెట్టుకుని పడుకోమనండి.